ముల్లు లేని చాప ఉందా అన్నా?

ఆదివారం రాత్రి ఎనిమిది. జగిత్యాలలో ఒక ఫ్యామిలీ రెస్టారెంట్. బోర్డు మీద నీలం అలలు, అలల మీద ఎర్ర పీత, పక్కనే 'సీఫుడ్' అని పెద్ద పెద్ద అక్షరాలు. లోపల ఒక్క టేబుల్ ఖాళీ లేదు. కౌంటర్ దగ్గర పేరు రాయించి మెట్ల మీద అరగంట నిలబడ్డాం. కోరుట్ల నుంచి ఇంత దూరం తినడానికి వచ్చింది మేమొక్కళ్లమే అనుకున్నా. మా ముందున్నవాళ్లది ధర్మపురి. వెనక నిలబడ్డవాళ్లది మెట్‌పల్లి.

బాపు మస్కట్ నుంచి రెండేళ్ల తర్వాత సెలవు మీద వచ్చాడు. చెల్లె ఇంటర్ పాసైంది. రెండూ కలిపి ఒకటే పార్టీ. అమ్మ మాత్రం ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి ఒకటే మాట: "గా పైసలతోని ఇంట్ల వండితే నాలుగు రోజులు తినొచ్చు."

టేబుల్ దొరికింది. చెల్లె మెనూ కూడా తెరవలేదు. సీదా వెయిటర్‌ను అడిగింది.

"ముల్లు లేని చాప ఉందా అన్నా?"

"అపోలో ఫిష్ ఉంది. ఫుల్ బోన్‌లెస్."

"రెండు ప్లేట్లు."

అమ్మ చెల్లె దిక్కు చూసింది. "చాపను చూడకుండనే చెప్తున్నవా?" అన్నది. తర్వాత వెయిటర్‌తో: "బిడ్డా, గా చాపను ఒక్కసారి తెచ్చి చూపెట్టు."

నేను తల వంచుకుని ఫోన్‌లో మొహం పెట్టా. చెల్లె టేబుల్ కింద నుంచి నా కాలు తన్నింది. పక్క టేబుల్ వాళ్లు చూస్తున్నారు. "ఆంటీ, అన్నీ ఫ్రెష్షే" అన్నాడు వెయిటర్. "ఫ్రెష్షే కావచ్చు బిడ్డా, నేను కన్ను చూస్త" అన్నది అమ్మ.

పాపం, వెళ్లి తెచ్చాడు. ఒక ట్రేలో ఐసు మీద గుండ్రటి వంజరం ముక్కలు రెండు, ఒక చందువ, ఒక ప్యాకెట్లో తెల్లటి మెత్తటి ముక్కలు. అమ్మ చందువ కన్ను చూసింది, మొప్ప ఎత్తి చూసింది, తలూపింది. తర్వాత ప్యాకెట్ వైపు వేలు చూపించింది.

"దీనికి తలకాయ ఏది?"

వెయిటర్ దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఈ వారం కాలమ్ ఆ ప్రశ్నతోనే మొదలైంది.

కోడికి పేరుంది, చాపకు లేదు

ఈసారి రెస్టారెంట్‌కు వెళ్లినప్పుడు మెనూ కొంచెం జాగ్రత్తగా చదవండి. చికెన్ అంటే చికెన్. మటన్ అంటే మటన్. ఫిష్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫిష్ ఫ్రై, ఫిష్ కర్రీ, ఫిష్ బిర్యానీ, ఫిష్ మండి. ఏ ఫిష్? రవ్వనా, బొచ్చెనా, కొర్రమీనా? రాయరు. మనం అడగం. అన్నిటికన్నా ఎక్కువ రకాలున్న మాంసానికి మెనూలో ఒక్కటే పేరు.

మా ప్లేట్లోకి వచ్చిన అపోలో ఫిష్‌నే తీసుకోండి. హైదరాబాద్ హోటళ్ల నుంచి మన ఊళ్లకు పాకిన వంటకం ఇది. ముల్లు తీసిన ముక్కలను గుడ్డు, కార్న్‌ఫ్లోర్, కారంలో కలిపి నూనెలో వేయిస్తారు. తర్వాత కరివేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పెరుగు వేసిన మసాలాలో ఎగరేస్తారు. దీనికి బాగా సరిపోయేది కొర్రమీను. గట్టి కండ, ముళ్లు తక్కువ. కానీ కొర్రమీను ధర ఎక్కువ. అందుకని చాలా కిచెన్లలో ఆ పని చేసేది బాసా.

బాసా పేరుతో మార్కెట్లో దొరికేది ఎక్కువగా పంగాసియస్ అనే చేప. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది ప్రాంతం. వియత్నాం దాన్ని పెంచి ప్రపంచమంతా ఎగుమతి చేస్తుంది. మన పక్కనే ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో కూడా పెద్దఎత్తున పెంచుతారు. అది నదిలో పుట్టి చెరువులో పెరిగే చేప, మంచినీళ్ల చేప. సముద్రం దాని మొహం చూడలేదు.

మరి రొయ్యలు? రెస్టారెంట్లలో ఎక్కువగా దొరికేది వనామి. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని సొంతూరు. మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి ఇచ్చారు. ఇప్పుడు దేశంలో రొయ్యల సాగు అంటే ముందు చెప్పుకునేది ఆంధ్రప్రదేశ్‌నే. జాతి సముద్రానిదే, పెరిగింది మాత్రం గట్టు మీద తవ్విన చెరువులో.

లెక్క వేస్తే మా టేబుల్ మీద నిజంగా సముద్రం నుంచి వచ్చినవి రెండే: చందువ, వంజరం. మిగతావన్నీ చెరువులవే. బోర్డు మీద ఉన్నన్ని అలలు ప్లేట్లో లేవు.

ఇందులో మోసం ఉందని నేననను. చెరువులో పెంచిన చేప తక్కువ చేప కాదు. జగిత్యాల నుంచి మచిలీపట్నం తీరానికి గాల్లో గీత గీసి కొలిచినా మూడొందల యాభై కిలోమీటర్లు దాటుతుంది. ఇంత దూరంలో సీఫుడ్ బోర్డు పెట్టినవాళ్లు అన్నీ సముద్రం నుంచే తేవాలంటే మనం బిల్లు కట్టలేం. నా బాధల్లా ఒక్కటే. ఏది తింటున్నామో పేరు తెలియకుండా తింటున్నాం.

సముద్రం అంగడికి ముందే వచ్చింది

సముద్రపు రుచి మన ప్రాంతానికి ఈ రెస్టారెంట్లతోనే వచ్చిందని మన తరం అనుకుంటుంది. మా అమ్మమ్మను అడిగితే నవ్వుతుంది. వారం వారం అంగట్లో ఒక మూలన గోనెపట్టా పరిచి ఎండు చాపలు, ఎండు రొయ్యలు కుప్పలు పోసేవాళ్లు. ఐసు లేని కాలంలో సముద్రం ఇంత దూరం రావాలంటే ఉప్పులో ఊరి, ఎండలో ఎండి రావాల్సిందే. చింతచిగురులో గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తే ఆ వాసన వాడకట్టంతా తెలిసేది.

రెండోసారి సముద్రం వచ్చింది గల్ఫ్ నుంచి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టును వెతకడం కష్టం. దుబాయ్, మస్కట్, దోహా క్యాంపుల్లో నలుగురు కలిసి ఒక రూమ్‌లో వండుకుతినేవాళ్లకు శుక్రవారం చేపల మార్కెట్ ఒక పండుగ. మా బాపుకు హమూర్ తెలుసు, సార్డిన్ తెలుసు, ట్యూనా తెలుసు. ట్రేలో వంజరం ముక్క చూడగానే "గిది కింగ్‌ఫిష్ కదా" అన్నాడు. అక్కడ దాని పేరు అదే. పాతికేళ్లుగా ఒమన్ తీరంలో ఉన్న మనిషికి మెనూలోని ఇంగ్లిష్ పేర్లు మాకన్నా బాగా తెలుసు. కానీ ఆయన అడిగింది కింగ్‌ఫిష్ కాదు.

"రవ్వ పులుసు లేదా తమ్మీ?"

"లేదన్నా. ఫిష్ పులుసు ఉంది, బోన్‌లెస్."

బాపు ఇంకేం అనలేదు. రెండేళ్లు సముద్రం పక్కన ఉండి వచ్చినవాడికి ఇంటికొచ్చాక కావాల్సింది చెరువు చాప. సముద్రం ఎలా ఉంటుందో సరిగ్గా చూడని మాకు కావాల్సింది సీఫుడ్. ఒకే టేబుల్ మీద రెండు ఆకళ్లు.

మిరుగునాడు సముద్రానికి సెలవు

మనకు చేపలు తినడానికి క్యాలెండర్‌లో ఒక రోజు ఉంది. మృగశిర కార్తె, జూన్ 7 లేదా 8. మా దిక్కు దాన్ని 'మిరుగు' అంటాం. ఆ రోజు చేప తినని ఇల్లు తక్కువ. తెల్లవారకముందే మార్కెట్ దగ్గర తోపులాట, రేట్లు ఆకాశంలో. రెస్టారెంట్లలో కూడా ఆ వారమంతా చేపల ఆర్డర్లే.

ఇక్కడొక తమాషా ఉంది. తూర్పు తీరంలో, అంటే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి 61 రోజులు పడవలు ఒడ్డునే ఉండాలి. పశ్చిమ తీరంలో ఆ నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 1 నుంచి 14 వరకు రెండు తీరాల్లోనూ పెద్ద పడవలు కదలవు. మన మిరుగు సరిగ్గా ఆ రెండు వారాల్లోనే పడుతుంది.

అంటే మనం చేప కోసం ఎగబడే రోజున సముద్రం దాదాపు మూసి ఉంటుంది. తెడ్లేసుకునే చిన్న తెప్పలవాళ్లకు నిషేధం వర్తించదు కాబట్టి కొంత తాజా సరుకు దొరుకుతుంది. మిగిలింది కోల్డ్ స్టోరేజీలో పడుకుని వచ్చినదే. మిరుగునాడు జగిత్యాలలో 'ఫ్రెష్ సీఫుడ్' అని ఎవరైనా అంటే నవ్వుతూ ఒక ప్రశ్న వేయండి: "ఏ తీరం నుంచి అన్నా?"

మన పెద్దవాళ్లు మిరుగునాడు తిన్నది ఎప్పుడూ సముద్రపు చేపను కాదు. ఎండాకాలం చివర చెరువుల్లో నీళ్లు అడుగంటి, వలకు చాప సులువుగా చిక్కే సమయం అది. పండుగ పుట్టింది ఊరి చెరువు గట్టు మీదే.

కట్ట మీద కలిసిన అక్క

ఆ రాత్రి బాపు అడిగిన రవ్వ పులుసు నా మనసులో ఉండిపోయింది. మరుసటి వారం సిరిసిల్లలో మా చిన్నమ్మ ఇంటికి పోయాం. దారిలో వేములవాడ దాటాక మధ్య మానేరు కట్ట వైపు బండి తిప్పించాడు బాపు.

మాన్వాడ దగ్గర మానేరుకు అడ్డంగా కట్టిన ఈ ప్రాజెక్టు నిండితే 27 టీఎంసీల పైచిలుకు నీళ్లు. శ్రీరాంసాగర్ నుంచి మన కోరుట్ల పక్కగా పోయే వరద కాలువ నీళ్లూ దీంట్లోకే వస్తాయి, కింది నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లూ దీంట్లోకే వస్తాయి. ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. నీలోజిపల్లి, చింతల్‌ఠాణా లాంటి ఊళ్ల వాళ్లు ఇళ్లు వదిలి గట్టు మీది కాలనీలకు వచ్చారు. ఒకప్పుడు ఇల్లున్న జాగాలో ఇప్పుడు రవ్వలు, బొచ్చెలు తిరుగుతున్నాయి.

కట్ట దగ్గర ఒక అక్క టబ్బులో చాపలు పెట్టుకుని కూర్చుంది. పొద్దున వాళ్లాయన తెప్ప మీద పోయి వల తీసినవి. రెండు రవ్వలు, ఒక బొచ్చె, కొన్ని బంగారుతీగలు, బకెట్లో ప్రాణంతో నాలుగు కొర్రమీన్లు. కొర్రమీను గాలి పీల్చి బతుకుతుంది కాబట్టి నీళ్లు కొంచెమే ఉన్నా చాలాసేపు నిలుస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే.

అమ్మకు పండుగ. రవ్వ మొప్ప ఎత్తింది, ఎర్రగా ఉంది. వేలితో నొక్కింది, గుంట పడకుండా కండ వెనక్కి వచ్చింది. "ఎంత చెల్లె?" అన్నది. ఐదు నిమిషాలు బేరం. అమ్మ ముఖంలో ఆ వెలుగు రెస్టారెంట్‌లో నాకు కనిపించలేదు. అక్కడ ఆమె ఒక కస్టమర్. ఇక్కడ ఆమె ఎక్స్‌పర్ట్.

నేను ఆ అక్కను అడిగా: "జగిత్యాల, సిరిసిల్ల హోటళ్లకు ఇయ్యరా అక్కా?"

"హోటలోళ్లు మా దగ్గర ఏం కొంటరు తమ్మీ. ముల్లుంటదంటరు. కొర్రమీనైతే అడుగుతరు. మిగిలినయి సేటు తూకమేసి బండి మీద తీస్కపోతడు, ఆయన చెప్పిందే రేటు."

2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, ప్రాజెక్టుల్లో చేపపిల్లలను ఉచితంగా వదిలే పథకం నడుస్తోంది. ప్రాజెక్టుల్లో మంచినీటి రొయ్య పిల్లలనూ వదిలారు. ముదిరాజులు, గంగపుత్రులు తమ మత్స్య సహకార సంఘాల ద్వారా ఆ చేపలు పట్టుకుని బతుకుతారు. అంటే నీళ్లు వచ్చాయి, చేపలు వచ్చాయి, తినేవాళ్లు కూడా పెరిగారు. కానీ ఈ కట్టకూ ఆ రెస్టారెంట్ టేబుల్‌కూ మధ్య దారి లేదు. ఆ దారికి అడ్డంగా ఉన్నది ఒక ముల్లు.

ముల్లు ఎవరికి పోతుంది?

రవ్వ, బొచ్చె, బంగారుతీగ ఒకే కుటుంబం చేపలు. వీటికి వెన్నెముక, పక్కటెముకలే కాకుండా కండ మధ్యలో సన్నటి ముళ్లు ఉంటాయి. కొన్ని ఇంగ్లిష్ 'వై' అక్షరం లాగా చీలి ఉంటాయి. ఎక్కువగా ఉండేది వీపు కండలో, తోక వైపు. పొట్ట భాగంలో పక్కటెముకలు పెద్దవి, సులువుగా చేతికి దొరుకుతాయి. చాప పెద్దదైతే ముల్లూ పెద్దదే, కంటికి కనిపిస్తుంది. రెండు కిలోలు దాటిన బొచ్చె తినడం అరకిలో రవ్వ తినడం కన్నా సులువు. వంజరం, కొర్రమీను, బాసాల్లో కండ మధ్య ఈ తంటా ఉండదు. రెస్టారెంట్లు వాటిని ఎంచుకునేది అందుకే.

ఆ రోజు చిన్నమ్మ ఇంట్లో రవ్వ పులుసు. చింతపండు, మెంతులు, ఉల్లిగడ్డ, కారం, చివర్లో కొత్తిమీర. అమ్మ వడ్డించింది. బాపుకు పొట్ట ముక్కలు. నాకు, చెల్లెకు మధ్య ముక్కలు, అవీ పెద్ద ముళ్లు ఏరి ఇచ్చింది. చివరికి తన ప్లేట్లో తోక ముక్క, తలకాయ.

"నీకు మంచి ముక్క లేదా అమ్మా?"

"నాకు తలకాయంటెనే ఇష్టం."

ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నా. నమ్మాను కూడా. కానీ వారం కింద ఆ రెస్టారెంట్‌లో ఏం జరిగిందో నాకు గుర్తుంది. వెయిటర్ వంజరం ఫ్రై తెచ్చి మొదటి ప్లేటు అమ్మ ముందు పెట్టాడు. ఆమెకే ముందు ఎందుకంటే ఆమె ఆ మూల కుర్చీలో ఉంది, అంతే. పొగలు కక్కుతున్న గుండ్రటి ముక్క, మధ్యలో ఒకటే ఎముక. అమ్మ చుట్టూ చూసింది, ఎవరికి ఇవ్వాలా అని. అందరి ముందుకూ ప్లేట్లు వచ్చేశాయి. ఇక తప్పదన్నట్టు తినడం మొదలుపెట్టింది. పూర్తిగా తిన్నది. వేలికంటిన మసాలా కూడా వదల్లేదు. "ఎట్లుందమ్మా?" అంటే "మంచిగున్నది" అన్నది చిన్నగా. తలకాయ అడగలేదు.

ఫ్యామిలీ రెస్టారెంట్‌ను నేను ఎందుకు తక్కువ చేయనో ఇప్పుడు అర్థమైందా? చాప పొలుసు తీయడం, ఉప్పూ పసుపూ వేసి కడగడం, నీచు వాసన పోయేదాకా కత్తిపీట తోమడం, అందరూ తిన్నాక మిగిలింది తినడం... ఇవేవీ లేకుండా మా అమ్మ వేడివేడి మంచి ముక్క తిన్నది అక్కడే. బిల్లు పద్దెనిమిది వందలు దాటింది. ఆ ఒక్క ముక్కకే అది చెల్లు.

కానీ అదే రెస్టారెంట్ మమ్మల్ని ముల్లు లేని చాపకు అలవాటు చేసింది. అలవాటైన మాకు ఇంట్లో ముల్లు ఏరడం రాదు. మేం నేర్చుకోకపోతే ముల్లున్న ముక్క ఎప్పుడూ అమ్మ ప్లేట్లోకే పోతుంది. మేం అడగకపోతే కట్ట మీది అక్క రవ్వ ఎప్పుడూ సేటు బండిలోకే పోతుంది.

ఆ మధ్యాహ్నం నా ముక్క అమ్మ ప్లేట్లో వేసి తోక ముక్క తీసుకున్నా. "వద్దురా, గొంతుల ఇరుక్కుంటది" అన్నది. బాపు పక్కన కూర్చుని చూపించాడు. ముక్కను అడ్డంగా విరవొద్దు, కండ పొర వెంబడి నిలువుగా విప్పాలి. వేలి కొసలతో తడిమాక గానీ నోట్లో పెట్టొద్దు. తినేటప్పుడు మాట్లాడొద్దు, ఫోన్ అసలే వద్దు. పావుగంట పట్టింది ఒక్క ముక్కకు. రీల్స్ చూడకుండా నేను అన్నం తిన్నది ఎన్నాళ్లకో.

అడిగి తిందాం

ఇంత చదివాక, ఈ ఆదివారం మీరు ఫ్యామిలీతో పోతుంటే పనికొచ్చే నాలుగు మాటలు.

ఒకటి, పేరు అడగండి. "ఫిష్ ఉందా" కాదు, "ఏం ఫిష్ ఉంది" అనండి. బాసా అంటే బాసా అనే తెలుసుకుని తినండి. కొర్రమీను ధర తీసుకుంటుంటే కొర్రమీనేనా అని అడిగే హక్కు మీకుంది.

రెండు, చాపను చూపించమనండి. సిగ్గుపడకండి. కన్ను ఉబ్బి, తేటగా ఉండాలి. మొప్ప ఎర్రగా ఉండాలి. నొక్కితే గుంట నిలవకూడదు. రొయ్యకు తల గట్టిగా అంటుకుని ఉండాలి, నల్లబడకూడదు. పీత అయితే కదలాలి.

మూడు, మొత్తం చాపకు, పీతకు మెనూలో ధర బదులు 'సైజును బట్టి' అని రాసి ఉంటే ఆర్డర్ ఇచ్చే ముందే తూకం, రేటు రెండూ అడగండి. తిన్నాక అడిగితే బేరం ఉండదు.

నాలుగు, ఎప్పుడన్నా ఒకసారి "మానేరు చాప ఉందా, గోదావరి చాప ఉందా" అని అడగండి. లేదంటారు. అయినా అడగండి. మెనూ మారేది వంటవాడికి బుద్ధి పుట్టి కాదు, పది టేబుళ్ల మీద ఒకటే ప్రశ్న వినిపించి.

ఇది ఉత్తమాట కాదని మొన్న తెలిసింది. బాపు తిరిగి మస్కట్ పోయే ముందు చెల్లె పట్టుబడితే మళ్లీ అదే రెస్టారెంట్‌కు పోయాం. అదే వెయిటర్. అమ్మను గుర్తుపట్టి నవ్వాడు. ఆ కుర్రాడిది బెంగాల్. సెలవు రోజు తను మార్కెట్‌కు పోయి రవ్వ కొని వండుకుంటాడట. వాళ్ల భాషలో అది రుయి. "మా ఊళ్లో దొరికే రుయి కూడా ఆంధ్రా నుంచే లారీలో వస్తుంది మేడమ్" అన్నాడు. నిజమే, కొల్లేరు పక్కన కైకలూరు, ఆకివీడు చెరువుల చేప ఐసులో బెంగాల్ దాకా పోతుంది. ముళ్లున్న ఆ చేపను బెంగాల్లో చిన్నపిల్లలు కూడా అలవోకగా తింటారు.

అమ్మ కౌంటర్ దగ్గరికి పోయి అడిగింది: "రవ్వ పులుసు ఎందుకు పెట్టరు బిడ్డా?"

మేనేజర్ తల గోక్కున్నాడు. "ఎవ్వరూ అడగరు మేడమ్."

"నేను అడుగుతున్న కదా" అన్నది అమ్మ.

ఈసారి నేను ఫోన్‌లో మొహం పెట్టలేదు. చెల్లె కూడా నా కాలు తన్నలేదు. అమ్మ పక్కన నిలబడి, "మేం కూడా అడుగుతున్నం అన్నా" అన్నది.